చెన్నైలో తెలుగు పెళ్లి: ముహూర్తం నుంచి నమోదు వరకు పెళ్లికూతురికి ఒక సమగ్ర మార్గదర్శి

చెన్నైలో పెళ్లి చేసుకోబోయే తెలుగు అమ్మాయికి పట్టుచీరలు, బంగారం, పూలు, వంటవారు, మేళగాళ్లు అందరూ అందుబాటులోనే ఉంటారు. కానీ ఈ ఊరి మండపాల వేళలు, ఫోటోగ్రాఫర్ల అంచనాలు, అలంకరణ చేసేవారి అలవాట్లు తమిళ పెళ్లి నడకకు కుదురుకున్నవి. అక్కడ ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు ఉదయం ముహూర్తం, మధ్యాహ్నం భోజనం అయ్యాక మండపం ఖాళీ చేయడం సాధారణ పద్ధతి. మన ముహూర్తం రాత్రి పదకొండుకైనా పడవచ్చు, తెల్లవారుజామున మూడుకైనా పడవచ్చు. పైగా, ముహూర్తమంటే తమిళులకు తాళి కట్టే క్షణం, మనకు జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. ఈ తేడాలను ముందే గుర్తించి, ప్రతి ఒక్కరికీ విడమరచి చెప్పుకున్న ఇంట పెళ్లి తన పద్ధతిలో సాగుతుంది. చెప్పుకోని ఇంట ఊరి పద్ధతిలో సాగిపోతుంది.

మొదటి అడుగు: ఇంటి ఆనవాయితీని కాగితం మీద పెట్టండి

మండపం కోసం వెతకడానికి ముందే అమ్మమ్మ, నానమ్మ, మేనత్తలతో కూర్చుని మీ ఇంటి పెళ్లి ఏ వరుసలో జరుగుతుందో రాసుకోండి. పసుపు కొట్టడం, పందిరి రాట, పెళ్లికూతురిని చేయడం, మంగళస్నానం, గౌరీపూజ, మేనమామ గంపలో తీసుకురావడం, తెరసెల్ల, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మధుపర్కాలు, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, లాజహోమం, సప్తపది, అరుంధతీ దర్శనం, నాగవల్లి, అప్పగింతలు అనే ఈ పేర్లు అందరికీ తెలిసినవే అయినా, క్రమమూ వివరాలూ ఇంటింటికీ మారతాయి. కొన్ని ఇళ్లలో పెళ్లికూతురు పట్టుచీరతో పీటల మీదకు వచ్చి, జీలకర్ర బెల్లం అయ్యాక మధుపర్కాలు కట్టుకుని సూత్రధారణకు వస్తుంది. మరికొన్ని ఇళ్లలో మొదటి నుంచీ మధుపర్కాలే. పుట్టింటి సూత్రం, అత్తింటి సూత్రం రెండూ ఒకే తాడుకు గుచ్చుతారా, నల్లపూసలు ఎప్పుడు వేస్తారు, నాగవల్లి అదే రోజా, సత్యనారాయణ వ్రతం ఎవరింట్లో వంటివన్నీ ఇప్పుడే అడగాలి.

ఇదే జాబితాను పెళ్లికొడుకు వారింట్లోనూ రాయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన చోట పెద్దలు ముందే మాట్లాడుకుంటే, పీటల మీద మాట పెరిగే అవసరం రాదు. వరుడు తమిళుడైతే ఈ పని మరింత ముఖ్యం. వారిలో చాలా ఇళ్లలో వరుడు మొదటి ముడి వేస్తే మిగిలిన రెండూ ఆడపడుచు వేస్తుంది, మనలో ఎక్కువ ఇళ్లలో మూడు ముళ్లూ వరుడే వేస్తాడు. వారికి వధూవరులను ఉయ్యాలలో కూర్చోబెట్టే ఊంజల్ ఉంది, మనకు తలంబ్రాల సందడి ఉంది. రెండు సంప్రదాయాలనూ నిలుపుకోవాలనుకుంటే పురోహితులిద్దరినీ ఒకసారి కలిపి కూర్చోబెట్టి, ఏది ఎవరు చేయిస్తారో రాయించుకోవడమే సరైన మార్గం. ఈ కాగితానికి క్రమపత్రం అని పేరు పెట్టుకుందాం. ఇకపై ప్రతి అడుగులోనూ దీనితో పని ఉంటుంది.

రెండవ అడుగు: నెల, తేదీ, ముహూర్తం

మనది చాంద్రమానం, తమిళులది సౌరమానం. చెన్నైలో తేదీ కుదుర్చుకునేటప్పుడు ఈ తేడా ఎంతో ఉపయోగపడుతుంది. మనకు ఆషాఢం పనికిరాదు, వారికి జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు నడిచే ఆడి నెల పనికిరాదు. చాలా సంవత్సరాల్లో ఆడి ముగియకముందే మన శ్రావణం మొదలవుతుంది. ఆ కొద్ది రోజుల్లో తెలుగువారికి ముహూర్తాలుంటాయి, తమిళుల పెళ్లిళ్లు ఉండవు. కాబట్టి మండపాలు, మేళం, వంటవారు తేలికగా దొరుకుతారు, బేరానికీ వీలుంటుంది. అయితే అధికమాసం వచ్చిన ఏడాది లెక్క మారుతుంది. ఉదాహరణకు 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందువల్ల ఆషాఢమూ ఆడి నెలా దాదాపు కలిసి నడుస్తాయి, ఆ వెసులుబాటు మిగలదు. దీనికి భిన్నంగా, సంక్రాంతితో తై నెల మొదలై తమిళులకు ముహూర్తాలు వచ్చినా, మనకు పుష్యమాసం ముగిసి మాఘం వచ్చేవరకు ఆగాలి. మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో రెండు పంచాంగాలకూ మంచి రోజులు కలిసి వస్తాయి గనుక, ఆ నెలల్లో పెళ్లి అనుకుంటే ఏడాది ముందే మండపం మాట్లాడుకోవాలి. గురు, శుక్ర మూఢాలు ఎప్పుడున్నాయో పురోహితుని అడిగి తెలుసుకున్న తరువాతే నెల గురించి ఆలోచించండి.

వాతావరణాన్ని కూడా పంచాంగంతో సమానంగా చూడాలని నా గట్టి అభిప్రాయం. కార్తీక, మార్గశిరాలు చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ ఊరిని ఎలా స్తంభింపజేశాయో తెలిసినవారు ఆ నెలల్లో ఆరుబయట పందిరి వేయరు, లోతట్టు వీధిలో మండపం తీసుకోరు. మే నెలలో అగ్నినక్షత్రం రోజుల్లో పెళ్లయితే, హోమగుండం ముందు పట్టుచీరతో కూర్చోవలసింది మీరే కనుక, వేదిక మీద గాలి ఆడుతుందో లేదో స్వయంగా చూసుకోండి.

ముహూర్తం అర్ధరాత్రి దాటి ఉంటే ఒక చిక్కు తప్పనిసరిగా వస్తుంది. మన పద్ధతిలో రోజు సూర్యోదయంతో మారుతుంది, మండపం కార్యాలయం పుస్తకంలో రాత్రి పన్నెండుకు మారుతుంది. ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకు ముహూర్తమంటే పురోహితుడు శనివారం రాత్రి అంటారు. మండపానికీ, ఫోటోగ్రాఫర్‌కూ, వంటవారికీ, శుభలేఖలోనూ "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని, పక్కనే ఇంగ్లీషు తేదీతో గంటలు, నిమిషాలు రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.

మూడవ అడుగు: మండపం

చెన్నైలో మండపం అద్దె సాధారణంగా ముందురోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం వరకు లెక్క. ఉదయపు ముహూర్తానికి ఇది సరిగ్గా సరిపోతుంది. రాత్రి ముహూర్తానికి మాత్రం లాభమో నష్టమో మీరు ఎంచుకున్న క్రమాన్ని బట్టి ఉంటుంది. రాత్రి తొమ్మిది, పది గంటల ముహూర్తమైతే, మధ్యాహ్నం మండపంలో దిగి, సాయంత్రం ఎదుర్కోలు, రాత్రి పెళ్లి, తెల్లవారి నాగవల్లి, మధ్యాహ్నం భోజనం, అప్పగింతలు అన్నీ ఒకే అద్దెలో ఇముడుతాయి. తెల్లవారుజామున నాలుగైనా అంతే. కానీ ఆ రోజు సాయంత్రమే రిసెప్షన్ కూడా పెట్టుకుంటే, పెళ్లికూతురు నాలుగు గంటలు వేదిక మీద నిలబడి, ఆ అలంకారం తీసి, మంగళస్నానం చేసి, మళ్లీ అలంకరించుకుని రాత్రంతా పీటల మీద కూర్చోవాలి. ఊరి వాడుక అది అయినంత మాత్రాన మీరు ఒప్పుకోనవసరం లేదు. రాత్రి ముహూర్తమైతే రిసెప్షన్‌ను పెళ్లి తరువాత మరో రోజుకు పెట్టుకోవడమే మన పాత పద్ధతి, శరీరానికీ అదే మంచిది.

మండపం చూడటానికి వెళ్లినప్పుడు హాలు అందం కన్నా ముందు పెళ్లికూతురి గదిని చూడండి. వేదికకు ఎంత దూరం, మధ్యలో మెట్లున్నాయా, లోపల స్నానాల గదిలో వేడినీళ్లు వస్తాయా, తలుపుకు గడియ సరిగా ఉందా, నగలు పెట్టుకునే బీరువాకు తాళం ఉందా అన్నవి పరిశీలించాలి. మధుపర్కాలు మార్చుకోవడానికి దొరికేది పదిహేను నిమిషాలే అయినప్పుడు రెండంతస్తుల పైనున్న గది ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఆ తరువాత హోమానికి అనుమతి ఉందో లేదో అడగండి. పూర్తి ఏసీ హాళ్లలో కొన్ని చోట్ల పొగ గుర్తించే పరికరాల కారణంగా లాజహోమానికి అభ్యంతరం చెబుతారు. కరెంటు, జనరేటర్ డీజిల్, గ్యాస్, శుభ్రం చేసే కూలి అద్దెలో కలిసి ఉన్నాయా, విడిగానా అన్నది రసీదు మీదే రాయించుకోండి.

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో మైకులు, వాద్యాలు వాడకూడదు. తలుపులు మూసిన హాలు లోపలికి మినహాయింపు ఉంది. అందువల్ల రాత్రి ముహూర్తానికి మేళం లోపలే ఉండాలి. ఎదుర్కోలు ఊరేగింపు వీధిలో జరపాలంటే పదిలోపు ముగించే విధంగా, స్థానిక పోలీసుల అనుమతితో ఏర్పాటు చేసుకోవాలి.

నాలుగవ అడుగు: పురోహితుడు, మేళం, ఫోటోలు

చెన్నైలో తెలుగు పురోహితులకు కొరత లేదు. టి.నగర్, మైలాపూర్, జార్జ్‌టౌన్, పెరంబూర్ వైపు తరతరాలుగా ఉన్న కుటుంబాలను అడిగితే పేర్లు చెబుతారు. మాట్లాడుకునేటప్పుడు మీ గోత్రం, మీ ఇల్లు అనుసరించే గృహ్యసూత్రం, రెండు వైపులా మూడు తరాల పెద్దల పేర్లు రాసిచ్చి, క్రమపత్రం చూపించి, ప్రతి ఘట్టానికి ఎంత సమయం పడుతుందో గంటలతో సహా రాయించుకోండి. సామగ్రి జాబితా కూడా అప్పుడే తీసుకోవాలి. బాసికాలు, గరికముంత, తెరసెల్ల, కాడి, గంప, అలంకరించిన కొబ్బరిబోండం వంటివి ఇక్కడి పూజాద్రవ్యాల దుకాణాల్లో అడిగిన వెంటనే దొరకకపోవచ్చు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చే బంధువులతో ముందుగా తెప్పించుకోవడం నయం. గంపను మాత్రం ఒకసారి బరువు పెట్టి పరీక్షించండి.

మేళగాళ్లతోనూ ఫోటోగ్రాఫర్‌తోనూ మాట్లాడేటప్పుడు ఒక సంగతిని నొక్కి చెప్పాలి. ఇక్కడి నాదస్వరం వారు తాళి కట్టే వేళకు గట్టిమేళం సిద్ధం చేసుకుని ఉంటారు. జీలకర్ర బెల్లం వేళకు ఎవరూ సైగ చేయకపోతే అసలు ముహూర్త క్షణం మామూలు కీర్తనతో గడిచిపోతుంది. ఫోటోగ్రాఫర్ కూడా అంతే. తెర పట్టి ఉన్న సమయంలో అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడితేనే, తెర దించగానే మీరిద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపు ఫోటోకు దక్కుతుంది. ఒకే కెమెరా ఉంటే అది తప్పిపోతుంది. అందుకే క్రమపత్రంలో రెండు గట్టిమేళాలకూ గుర్తు పెట్టి, మేళానికి సైగ చేసే బాధ్యతను బాబాయికో అన్నకో అప్పగించండి. బంధువులందరూ సెల్‌ఫోన్లతో వేదిక ఎక్కకుండా చూసే బాధ్యత కూడా అదే మనిషికి ఇవ్వవచ్చు.

ఐదవ అడుగు: బంగారం

చెన్నై అంగళ్లలో బంగారాన్ని సవరలలో చెబుతారు, ఆంధ్రా, తెలంగాణ బంధువులు తులాలలో లెక్కవేస్తారు. సవరంటే 8 గ్రాములు, తులాన్ని ఇప్పుడు అంగళ్లలో 10 గ్రాములుగా లెక్కిస్తున్నారు. పది సవర్లకూ పది తులాలకూ 20 గ్రాముల తేడా ఉంటుంది కాబట్టి, రెండు కుటుంబాల మధ్య మాటలన్నీ గ్రాములలోనే సాగనివ్వండి. 22 క్యారెట్ల నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 916 అంకె, ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరైన నగలను ఆ సంఖ్య లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు వస్తువులకు ఈ నియమం వర్తించదు కనుక, చిన్న సూత్రాలు చేయించుకునేటప్పుడు నాణ్యతను బిల్లులో రాయించుకోవడం మరవద్దు.

ధర అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే. తేడా అంతా తరుగులోనూ మజూరీలోనూ ఉంటుంది. టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో రెండు మూడు అంగళ్లు తిరిగి, ఒకే రకం నగకు తరుగు ఎంత శాతమో అడిగి రాసుకుని ఇంటికి వచ్చి, మర్నాడు నిర్ణయించుకోండి. రాళ్ల బరువును బంగారం బరువులో కలపనివ్వకండి. 2 లక్షల రూపాయలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతారు, ఆ మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదు. మంగళసూత్రాల విషయంలో, ఇక్కడి అంగళ్లు మొదట చూపించేది తమిళ కులాలవారీ తాళి నమూనాలు. మన గుండ్రటి బొట్లు చేయించుకోవాలంటే అమ్మగారి సూత్రాన్ని ఫోటో తీసి చూపించి, కనీసం నెల ముందు చెప్పాలి. మిగతా అలంకారానికి అంతా బంగారమే కావాలనే పట్టుదల వద్దు. మైలాపూర్ మాడవీధుల్లో నాట్యకళాకారులు కొనే కెంపు రాళ్ల నగలు, వంకీలు, వడ్డాణాలు, జడబిళ్లలు తక్కువ ఖర్చులో, కంటికి నిండుగా ఉంటాయి.

ఆరవ అడుగు: చీరలు

కంచి చెన్నైకి 75 కిలోమీటర్ల దూరమే కనుక, ఒక రోజు కేటాయించుకుని అక్కడికే వెళ్లవచ్చు. వారాంతంలో కాకుండా పని దినాన వెళితే నిదానంగా చూపిస్తారు. అసలు కంచిపట్టులో అంచు, ఒడలు వేర్వేరు రంగుల్లో నేసి కలుపుతారు. జరీ పోగును కాస్త గీకితే లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తుంది. సిల్క్ మార్క్ చీటీ అది నిజమైన పట్టని చెబుతుంది గానీ జరీ నాణ్యత గురించి చెప్పదు. జరీ గురించి విడిగా అడిగి బిల్లులో రాయించుకోవాలి. ఊరు దాటే వీలు లేకపోతే, 1935లో ఏర్పడిన కో-ఆప్టెక్స్ చేనేత సహకార సంస్థ అంగడి ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో ఉంది. బంధువులకు పెట్టే చీరల వంటి వాటికి టి.నగర్‌లో ఆడి తగ్గింపు అమ్మకాల సమయం మంచిది.

ముహూర్తపు చీరను రంగు చూసి మాత్రమే తీసుకోకండి. భుజం మీద వేసుకుని పది నిమిషాలు కూర్చుని చూడండి. బరువైన జరీ చీరతో పీటల మీద మూడు గంటలు కూర్చోవడం, వంగడం, సప్తపదిలో నడవడం వేరే సంగతి. మధుపర్కాలు మాత్రం ఇక్కడి పెద్ద అంగళ్లలో అడిగితే తమిళుల పెళ్లిచీర అయిన కూరచీర చూపిస్తారు. తెల్లని నూలు మీద ఎర్రంచు లేదా పసుపు అంచు జత కావాలంటే వెంకటగిరి, మంగళగిరి నేతవారి నుంచి తెప్పించుకోండి. దానికి సరిపోయే రవికను, లంగాను కలిపి ఒకే సంచిలో పెట్టి, కుచ్చిళ్లు ముందే మడిచి పిన్నులు పెట్టి ఉంచితే, మార్చుకునే పదిహేను నిమిషాలు చాలతాయి. ఆరీ పని రవికలకు కుట్టేవారు పెళ్లిళ్ల కాలంలో వారాల తరబడి గడువు అడుగుతారు. మూడు నెలల ముందే కొలతలు ఇచ్చి, పెళ్లికి పది రోజుల ముందు వేసుకుని చూసుకోండి.

ఏడవ అడుగు: అలంకారం, పూలు

అలంకరణ చేసేవారికి క్రమపత్రం అవసరం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అందరికన్నా వారికే ఎక్కువ అవసరం. జీలకర్ర బెల్లం ముద్దను నడినెత్తి మీద పెడతారు, వరుడు కాసేపు చేయి అక్కడే ఉంచుతాడు. నడినెత్తిని పూలతోనూ పిన్నులతోనూ కప్పేస్తే ఆ ముద్ద నిలవదు. పూలజడ వెనకగా మొదలయ్యేలా, పాపిట నుంచి నడినెత్తి వరకు ఖాళీగా ఉండేలా జడ వేయమని చెప్పాలి. బాసికం నుదుటికి అడ్డంగా కడతారు కాబట్టి పాపిటబిళ్ల చిన్నదిగా ఉండటం మంచిది. కల్యాణతిలకం ఎంత కిందికి పెట్టాలో కూడా బాసికాన్ని కట్టి చూసి నిర్ణయించాలి. ఒకసారి ఈ మొత్తాన్ని ముందే ప్రయత్నించి, ఆ రోజే ఫోటో తీసుకోండి. పారాణి పెట్టేవారు ఎవరో ఇంట్లోనే నిర్ణయించుకోవాలి, ఇక్కడి బ్యూటీషియన్లు మెహందీ వరకే ఆలోచిస్తారు.

పూలకు కోయంబేడు టోకు మార్కెట్టే ఆధారం. మల్లెలు వేసవిలో విరివిగా, చలికాలంలో ఎంతో ఖరీదుగా ఉంటాయి. పెద్ద ముహూర్తం రోజున ఏ పువ్వు ధరైనా పెరుగుతుంది. పూలజడ కట్టేవారికి నెల ముందే చెప్పి, రాత్రి ముహూర్తమైతే జడ సాయంత్రం నాలుగు తరువాతే చేతికి అందేలా ఒప్పందం చేసుకోండి.

ఎనిమిదవ అడుగు: వంట, శుభలేఖ

చెన్నై వంటవారు ఆకుకు ఇంత అని లెక్క కడతారు. ఎన్ని ఆకులకు హామీ ఇస్తున్నారో, అంతకు మించితే ధర ఎంతో రాసుకోండి. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, కంద బచ్చలి, పులిహోర, బూరెలు, దప్పళం కావాలంటే పేర్లు చెబితే చాలదు. ఒకసారి వండించి రుచి చూడాలి, వడ్డన వరుసలో పప్పు, నెయ్యి ముందు, సాంబారు తరువాత అని కూడా చెప్పాలి. అర్ధరాత్రి ముహూర్తమైతే రాత్రి రెండు గంటలకు మేలుకుని ఉండే పెద్దలకు, పిల్లలకు పాలు, కాఫీ, ఏదో ఒక ఉపాహారం ఉండేలా చూడండి.

శుభలేఖలకు పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి ప్రసిద్ధం. తెలుగు అక్షరాలు కూర్చేవారికి భాష రాకపోతే ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి; అచ్చుకు ముందు కనీసం ఇద్దరు తెలుగు చదివినవారు సరిచూడాలి.

తొమ్మిదవ అడుగు: చివరి వారం, పెళ్లి రోజు

చివరి వారంలో కొత్త క్రీములు, కొత్త చికిత్సలు ఏవీ మొదలుపెట్టకండి. నలుగు పిండిలో పసుపు, సున్నిపిండి మీ చర్మానికి పడతాయో లేదో నెల ముందే చూసుకోండి. నెలసరి తేదీ ముహూర్తానికి దగ్గరగా ఉందనిపిస్తే రెండు నెలల ముందే స్త్రీవైద్యురాలితో మాట్లాడండి. ఇంట్లో ఎవరో ఇచ్చిన మాత్రను సొంతంగా వేసుకోవద్దు. ఈ మాట ఎత్తడానికి సిగ్గుపడి చివరి రోజు వరకు దాచే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, అమ్మతోనో అక్కతోనో ముందే చెప్పండి.

పెళ్లి రోజు మధ్యాహ్నం రెండు గంటలైనా నిద్రపోయే వీలును క్రమపత్రంలోనే రాయించండి. ఉపవాసం మీ ఇంటి ఆచారమైతే పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చా అని పురోహితుని అడగండి. సాధారణంగా అభ్యంతరం చెప్పరు. పిన్నులు, సూదీదారం, తడిగుడ్డలు, నొప్పి మాత్రలు, ఫోన్ ఛార్జరు ఉన్న చిన్న సంచితో ఒక స్నేహితురాలు మీ పక్కనే ఉండాలి. నగలను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునే మనిషి మాత్రం వేరొకరు ఉండాలి; పిన్నిగాని వదినగాని అయితే మంచిది.

పదవ అడుగు: కానుకల జాబితా, వివాహ నమోదు

వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 నాటి నియమాల ప్రకారం పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు దగ్గర ఉండాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. దీన్ని అపనమ్మకంగా భావించనవసరం లేదు. నగల బిల్లులతో కలిపి ఒక ఫైలులో పెట్టుకుంటే బీమాకూ, బ్యాంకు లాకరుకూ కూడా పనికొస్తుంది.

తమిళనాడు వివాహాల నమోదు చట్టం, 2009 ప్రకారం రాష్ట్రంలో జరిగిన ప్రతి పెళ్లినీ 90 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే అదనపు రుసుముతో మరో 60 రోజుల గడువు ఉంటుంది. పెళ్లి తిరుపతిలోనో నెల్లూరులోనో జరిగితే ఆంధ్రప్రదేశ్ 2002 చట్టం వర్తిస్తుంది. వయసు, చిరునామా ధ్రువపత్రాలు, శుభలేఖ, మండపం రసీదు, ఫోటోలు, సాక్షుల గుర్తింపు కార్డులు ముందే సిద్ధం చేసుకోండి. నమోదు పత్రం ఒక్కటే పెళ్లి కాదని, హిందూ వివాహానికి సంప్రదాయ కర్మలు జరగాలని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, సప్తపది ఫోటోలు స్పష్టంగా ఉండేలా ఫోటోగ్రాఫర్‌కు చెప్పండి. ధ్రువపత్రంలో మీ పేరు, ఇంటిపేరు ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయో లేదో సంతకానికి ముందు చదువుకోండి. తమిళనాడు పత్రాల్లో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం రాయడం వాడుక కాబట్టి, తెలుగు అమ్మాయిల పత్రాల్లో తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే.